పుష్కరాల గదికి పేరు ఎక్కడ రాయించాలి?

గోదావరిఖని: 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు రానున్నాయి. 2015 జూలై 14 నుంచి 25 వరకు జరిగిన గత పుష్కరాలను చూసినవారికి ఆనాటి రద్దీ గుర్తుండే వుంటుంది. గోదావరిఖని, మంథని, ధర్మపురి, కాళేశ్వరం రేవులన్నీ జనంతో నిండిపోయాయి. లాడ్జీల్లో చోటు లేక, బంధువుల ఇళ్లూ చాలక, ముక్కూ మొహం తెలియని ఇంటి తలుపు తట్టి రాత్రికి కాస్త జాగ ఇమ్మని అడిగినవారు ఎందరో. కొందరు పుణ్యానికి ఇచ్చారు, కొందరు కిరాయికి ఇచ్చారు. 2025 మే 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగినప్పుడూ ఇదే పరిస్థితి కనిపించింది.

ఈసారి నది ఒడ్డు గ్రామాల్లో కొందరు ముందుచూపుతో వున్నారు. ముందుగదికి సున్నం వేయించి, వెనుక స్నానాలగది కట్టించుకుంటే ఆ పన్నెండు రోజుల్లో నాలుగు రూపాయలు వస్తాయని వారి ఆలోచన. ఆలోచన మంచిదే. అయితే రోజు కిరాయికి గది ఇచ్చే ఇంటి యజమాని తన పేరు ఎక్కడైనా నమోదు చేయించుకోవాలా, చేయించుకోకపోతే తప్పు అవుతుందా అన్న ప్రశ్నకు ఏ ఆఫీసుకు వెళ్లినా ఒక్క మాటలో జవాబు దొరకడం లేదు.

పుష్కరాలే కాదు

ఈ ప్రశ్న పుష్కరాలతో పుట్టింది కాదు. బొగ్గు బాయిల ప్రాంతంలో కొద్దిరోజుల కిరాయి ఏనాటి నుంచో వున్నదే. ఎన్టీపీసీలో యూనిట్లను మరమ్మతుకు ఆపినప్పుడల్లా బీహారు, ఒడిశా, జార్ఖండ్ నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు నెలకో, నెలన్నరకో వస్తారు. ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిది మంది సర్దుకుంటారు. ఎరువుల కర్మాగారం పనులకూ అంతే. 2022లో రామగుండానికి వైద్య కళాశాల వచ్చిన తరువాత పిల్లలను చూడవచ్చే తల్లిదండ్రులు, ఆస్పత్రిలో రోగుల వెంట వచ్చేవారు ఒకటి రెండు రాత్రులకు గది వెతుక్కుంటున్నారు. 2022 డిసెంబరులో ఆర్టీసీ ‘సింగరేణి దర్శన్’ పేరుతో హైదరాబాదు నుంచి బొగ్గు గనులు చూపించే యాత్ర మొదలుపెట్టినప్పుడు, బాయి చూడడానికి కూడా మనుషులు వస్తారా అని ఆశ్చర్యపోయినవారున్నారు. కనుక గది వున్నవాడికి గిరాకీ వుంది, లేనిదల్లా కాగితమే.

చట్టం పాతది, చిక్కు కొత్తది

బాటసారులకు బస ఇచ్చేవారు పేరు నమోదు చేయించుకోవాలన్న నియమం కొత్తదేమీ కాదు. 1867లోనే బ్రిటిషు పాలకులు సరాయిల చట్టం చేశారు. సరాయి నడిపేవాడు జిల్లా మేజిస్ట్రేటు వద్ద రిజిస్టరులో పేరు ఎక్కించుకోవాలి, ఆవరణ శుభ్రంగా వుంచాలి, అంటురోగం వస్తే కబురు చేయాలి, ధరల పట్టిక అందరికీ కనపడేలా పెట్టాలి. తప్పితే జరిమానా ఇరవై రూపాయల దాకా వుండేది. అప్పుడు మన ప్రాంతం నిజాం రాజ్యంలో వుండడంతో ఆ చట్టం మన పూర్వీకులకు తగలలేదు. కాని అందులోని నాలుగు సంగతులు, అంటే పేరు, శుభ్రత, రోగం కబురు, ధర, ఈనాటికీ సరిపోతాయి.

నేడు దేశమంతటికీ వర్తించేలా, ఇంట్లో గది రోజు కిరాయికిచ్చే ప్రతివాడూ తప్పనిసరిగా నమోదు కావాలని చెప్పే చట్టం ఒక్కటీ లేదు. వున్న నియమాలు నాలుగైదు ఆఫీసుల్లో ముక్కలు ముక్కలుగా వున్నాయి.

మొదటిది పోలీసు స్టేషను. కిరాయిదారుల వివరాలు ఇవ్వాలని పోలీసు కమిషనర్లు అప్పుడప్పుడు ఉత్తర్వులు ఇస్తుంటారు. పాత 144 సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోని 163వ సెక్షను కింద ఇచ్చే ఇటువంటి ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి వుండదు. అమలులో వుండగా ధిక్కరిస్తే న్యాయ సంహిత 223వ సెక్షను ప్రకారం ఆరు నెలల దాకా జైలు గాని, రెండున్నర వేల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఇక విదేశీయుడు బస చేస్తే 24 గంటల్లోగా ఆన్‌లైనులో తెలియజేయడం తప్పనిసరి. ఇది పెద్ద హోటలుకూ, ఒక గది ఇంటికీ సమానమే.

రెండవది పన్ను. దీని గురించి జనంలో వున్న భయం అక్కరలేనిది. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటని వ్యక్తి జీఎస్టీ నమోదు చేయించుకోనవసరం లేదు. వెయ్యి రూపాయల లోపు గదికి కూడా 2022 జూలై 18 నుంచి 12 శాతం పన్ను వచ్చిన మాట నిజమే. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల దాకా గదులకు దానిని 5 శాతానికి తగ్గించిన మాటా నిజమే. అది నమోదైన హోటళ్ల సంగతి. ఫోనులో గదులు బుక్ చేసే కంపెనీల ద్వారా ఇస్తే, నమోదు కాని యజమాని తరఫున ఆ పన్ను కంపెనీయే కట్టాలి.

మూడవది పర్యాటక శాఖ. కేంద్ర పర్యాటక శాఖకు ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే’ అనే పథకం వుంది. యజమాని ఆ ఇంట్లోనే కాపురం వుండాలి. ఒకటి నుంచి ఆరు గదుల వరకు అతిథులకు ఇవ్వవచ్చు. తనిఖీ తరువాత సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులుగా గుర్తింపు ఇస్తారు. ఇది ఇష్టమున్నవారికే గాని బలవంతం కాదు. గుర్తింపు వుంటే నలుగురిలో నమ్మకం కలుగుతుంది.

మీటరు భయం

అసలు భయం నాలుగవ చోట వుంది. అది కరెంటు మీటరు, ఇంటి పన్ను. ఇంటి వాడకానికి ఒక ధర, వ్యాపారానికి మరో ధర. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్నది. ఒక గది పన్నెండు రోజులు కిరాయికిచ్చి, ఆ సంగతి ఆఫీసులో రాయించుకుంటే, మీటరును వ్యాపారం కిందికి మార్చేస్తే ఏం కావాలి? పుష్కరాల రాబడి పుష్కరాలతో పోతుంది, మీటరు మాత్రం ఏడాది పొడుగునా తిరుగుతూనే వుంటుంది. ఇంటి పన్ను విషయంలోనూ ఇదే లెక్క. అందుకే నమోదు అనగానే జనం వెనుకడుగు వేస్తున్నారు. ఇది నియమాన్ని ఎగవేసే బుద్ధి కాదు, బీదవాని లెక్క.

ఈ చిక్కుకు మందు లేకపోలేదు. హిమాచల్ ప్రదేశ్‌లో 2008లో హోమ్‌స్టే పథకం పెట్టినప్పుడు, నమోదైన ఇళ్లకు కరెంటు, నీళ్లు ఇంటి ధరలకే ఇస్తామని ముందే చెప్పారు. కొండల్లోని ఇళ్లవారు ముందుకు రావడానికి ఇటువంటి భరోసాయే కావాలి.

పట్టా లేని ఇల్లు

బొగ్గు ప్రాంతానికి వున్న ప్రత్యేకమైన కష్టం మరొకటి వుంది. ఏ దరఖాస్తు అయినా మొదట అడిగేది ఇల్లు నీదేనా అని. ఇక్కడ వేలాది కుటుంబాలు తరాలుగా వుంటున్నా, ఆ స్థలం ఒకప్పుడు సింగరేణిదో, సర్కారుదో అయివుంటుంది. ఇంటి నెంబరు వుంటుంది, కరెంటు బిల్లు వుంటుంది, పట్టా వుండదు. 2014 డిసెంబరులో వచ్చిన 58, 59 జీవోలు సర్కారు స్థలాల్లోని ఇళ్లను, 2019లో వచ్చిన 76వ జీవో సింగరేణి ప్రాంతంలోని ఇళ్లను క్రమబద్ధం చేయడానికి ఉద్దేశించినవి. వాటి కింద పట్టా చేతికి అందినవారు అదృష్టవంతులు. అందనివారు గది ఎంత బాగా కట్టినా దస్తావేజు చూపలేరు.

ఇక కంపెనీ క్వార్టరు సంగతి వేరు. అది కార్మికుడు వుండడానికి ఇచ్చినదే గాని కిరాయికి ఇచ్చుకోవడానికి కాదు. పుష్కరాల పేరు చెప్పి క్వార్టరులో గది కిరాయికిస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ.

2025 ఫిబ్రవరి 1న పార్లమెంటులో ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ఇస్తామని ప్రకటించారు. గిరిజన గ్రామాలకైతే ధర్తీ ఆబా పథకం కింద కొత్త గదులకు 5 లక్షలు, పాత గదుల బాగుకు 3 లక్షల రూపాయల దాకా సాయం వుంది. ముద్ర రుణానికి తాకట్టు అక్కరలేదన్నది నిజమే. కాని వ్యాపారం వున్నట్టు బ్యాంకుకు ఏదో ఒక కాగితం చూపించాలి. అంటే నమోదు కాని ఇంటికి రుణం దూరం, పట్టా లేని ఇంటికి నమోదు దూరం. ముందు ఏ తలుపు తెరవాలో తెలియక మనిషి వాకిట్లోనే నిలబడివున్నాడు.

లాడ్జీల వాదన

మరో పక్షం మాట కూడా వినవలసి వుంది. లాడ్జీ నడిపేవారు వ్యాపార లైసెన్సు తీసుకుంటారు, వ్యాపార ధరకు కరెంటు బిల్లు కడతారు, వచ్చిపోయేవారి రిజిస్టరు రాస్తారు. పక్కనే ఏ నియమమూ లేకుండా ఇంట్లో పది గదులు నడిపితే అది అన్యాయమని వారు అంటే కాదనలేము. ఇరుగుపొరుగు వారికీ బాధలున్నాయి. ఎనిమిది మంది వున్న గదికి ఒకే మరుగుదొడ్డి వుంటే మురికి వీధిలోకే వస్తుంది. ఏ గదిలో ఎవరున్నారో రాసివుండకపోతే, రాత్రి అగ్ని ప్రమాదం జరిగితే లోపల ఎందరున్నారో చెప్పేవారుండరు. నదిలో ఒకరు కొట్టుకుపోతే ఏ ఊరి మనిషో, ఎవరికి కబురు చేయాలో తెలియదు. నమోదు అవసరం పోలీసులకంటే ముందు వచ్చినవాడి భార్యాబిడ్డలకు.

పరదేశాల్లోనూ ఇదే తకరారు. మనవాళ్లు ఎక్కువగా వుండే అమెరికాలోని జెర్సీ సిటీలో 2019 నవంబరులో ప్రజలు ఓటు వేసి మరీ కొద్దిరోజుల కిరాయిలకు కట్టడి తెచ్చారు. న్యూయార్కులో 2023 సెప్టెంబరు నుంచి నమోదు లేనిదే ముప్పై రోజుల లోపు కిరాయికి ఇవ్వరాదు, యజమాని ఇంట్లోనే వుండాలి. జపానులో 2018 నుంచి ఇటువంటి ఇల్లు ఏడాదికి 180 రోజులకు మించి నడపరాదు. అక్కడ వచ్చిన బాధ ఇళ్లన్నీ యాత్రికులపాలై స్థానికులకు కిరాయి ఇల్లు దొరకకపోవడం. మన బాధ అది కాదు. మనకు రాబడి లేని ఇళ్లున్నాయి, బస లేని జనమున్నారు. అందువల్ల వారి నిషేధాలను తెచ్చి ఇక్కడ పెట్టనవసరం లేదు. అయితే యజమాని కాపురమున్న ఇంటికీ, వ్యాపారానికే కట్టిన గదులకూ వారు పెట్టిన తేడాను మాత్రం తీసుకోవచ్చు.

చేయవలసినది

పుష్కరాల ఏర్పాట్లంటే రేవులు, రోడ్లు, బస్సులే గుర్తుకు వస్తాయి. బస గురించి కూడా అధికారులు ఇప్పుడే ఆలోచించడం మంచిది. యజమాని కాపురమున్న ఇంట్లో రెండు మూడు గదులు ఇచ్చేవారికి గ్రామ పంచాయతీలో, పట్టణంలో వార్డు ఆఫీసులో ఒకే పుటతో నమోదు పెట్టవచ్చు. పట్టా బదులు ఇంటి నెంబరు, కరెంటు బిల్లు చూస్తే చాలు. నమోదు చేయించుకున్నంత మాత్రాన మీటరు గాని, ఇంటి పన్ను గాని మారదని కలెక్టరు లిఖితంగా ప్రకటించాలి. 2025 డిసెంబరులో ఎన్నికైన పంచాయతీ పాలకవర్గాలు గ్రామసభల్లో ఈ విషయం పెట్టి, తీర్మానం చేసి పంపితే అధికారులకూ కదలిక వస్తుంది. తరువాత ఊరూరా డప్పు చాటింపు వేయిస్తే సరి.

అంతవరకు ఇంటివారు చేయదగినవి కొన్ని వున్నాయి. ఒక నోటుపుస్తకం పెట్టి వచ్చినవారి పేరు, ఊరు, ఫోను నెంబరు, ఇంటివద్ద వుండేవారి నెంబరు, వచ్చిన రోజు, వెళ్లిన రోజు రాసుకోవాలి. ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే ప్రతి చాలు. పోలీసు ఉత్తర్వు ఏదైనా అమలులో వుందేమో స్టేషనులో అడిగి తెలుసుకోవాలి. గది కిరాయి గోడమీద రాసిపెట్టాలి. వ్యాపారంగా సాగించదలచినవారు ఉద్యమ్ నమోదు చేయించుకోవచ్చు. దానికి రుసుము లేదు, మధ్యవర్తికి డబ్బు ఇవ్వనక్కరలేదు.

గోదావరి స్నానానికి వచ్చినవాడు ఒక రాత్రి తలదాచుకుని పోతాడు. ఇచ్చిన ఇంటివారు మాత్రం ఈ ఊళ్లోనే వుంటారు. వారు భయపడకుండా తమ పేరు రాయించుకోగల ఏర్పాటు పుష్కరాలకు ముందే జరగాలి. జనం రేవుకు వచ్చాక రిజిస్టరు తెరిస్తే ఎవరికీ ఉపయోగం వుండదు.