పరీక్ష లేని మాత్ర, పరీక్ష లేని కోత

తెల్లబట్ట అవుతోందని నోరు తెరిచి చెప్పడానికే మన ఆడవాళ్లకు నెలలు పడుతుంది. ముందు ఒంట్లో వేడి అనుకుంటారు. సబ్జా గింజలు నానబెట్టుకుంటారు, మజ్జిగ తాగుతారు, ఉపవాసాలు మానేస్తారు. వాసన, మంట, నడుం నొప్పి తట్టుకోలేనంత అయ్యాకే గడప దాటుతారు. అలా దాటిన మనిషికి మన దగ్గర దొరికేవి రెండు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళితే, పడుకోబెట్టి చూసేవారు లేక, సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ మాత్రలున్న ఆకుపచ్చ కిట్టు చేతిలో పెట్టి పంపేస్తారు. ఆర్‌ఎంపీ చీటీ పట్టుకుని పట్నంలో నర్సింగ్‌హోముకు వెళితే స్కానింగు తీసి ‘గర్భసంచికి పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అంటారు. కిట్టుకీ కత్తికీ మధ్య జరగాల్సింది ఒకటుంది. అది పరీక్ష. తెల్లబట్టతో వచ్చిన ఏ మహిళకూ పరీక్ష చేయకుండా మందు రాయడం, క్యాన్సర్ పేరు చెప్పి గర్భసంచి తీయడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆగిపోవాలి.

ఇది మన రాష్ట్రాలకే ప్రత్యేకంగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఈ విషయంలో దేశానికి మనమే ముందున్నాం గనక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆ లెక్క 8 శాతం దాటింది. గడ్డలకూ ఆగని రక్తస్రావానికీ ఆ ఆపరేషన్ తప్పనిసరయ్యే సందర్భాలు లేకపోలేదు. అయితే మన ఆడవాళ్లకు మాత్రమే దేశ సగటు కన్నా రెండున్నర రెట్లు ఎక్కువ గడ్డలు వస్తున్నాయని ఏ డాక్టరూ చెప్పలేరు. ముప్పై అయిదేళ్లకే గర్భసంచితోపాటు అండాశయాలు కూడా పోగొట్టుకున్న కూలి మనిషికి ఆ రోజు నుంచే మెనోపాజ్. ఎముకలు గుల్లబారతాయి, గుండెకు ముప్పు పెరుగుతుంది, పొలం పనికి ఒళ్లు సహకరించదు. పోనీ, ఏ జబ్బు పేరు చెప్పి కోశారో ఆ జబ్బు ఉందో లేదో తేల్చే పరీక్షయినా చేశారా అంటే, చాలామంది కాగితాల్లో అది కనిపించదు.

అసలు ఆ తెల్లబట్ట ఏమిటి? కొంత స్రావం సహజం, జబ్బు కాదు. వాసనతో, బూడిద కలిసిన తెలుపులో పల్చగా అవుతుంటే ఎక్కువసార్లు కారణం బ్యాక్టీరియల్ వజైనోసిస్. యోనిలో లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా సహజంగా ఉంటుంది. పాలను తోడుకునేలా చేసే బ్యాక్టీరియాకు అది దగ్గరి చుట్టం. (అలాగని పెరుగు పూయమని చెప్పే యూట్యూబ్ వైద్యాన్ని నమ్మకండి.) లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తూ ఈ లాక్టోబాసిల్లస్ అక్కడి పీహెచ్‌ను 4.5కు మించకుండా చూస్తుంది. అది తగ్గిపోయి గార్డ్‌నెరెల్లా వంటివి పెరిగిపోవడమే వజైనోసిస్ అనే ఈ అసమతుల్యత. ఇది వచ్చినవారిలో సుమారు సగం మందికి ఏ లక్షణమూ కనిపించదు. ఉందో లేదో తేల్చడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. పీహెచ్ కాగితం ముక్క, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్, మైక్రోస్కోపు కింద ఒక స్లైడు చాలు. ఈ పద్ధతి 1983 నుంచీ ఉంది. మందు కూడా కొత్తది కాదు. అందరికీ తెలిసిన మెట్రోనిడజోలే, వారం రోజులు.

సమస్య ఏమిటంటే ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. ఏడాది తిరిగేలోగా సగం మందికి పైగా మళ్లీ అదే బాధ. మూడోసారీ నాలుగోసారీ వచ్చేసరికి ఆ మనిషి విసిగిపోతుంది. ఎవరో ఒకరు ‘తీయించేసుకో, పీడా పోతుంది’ అంటారు. గర్భసంచి తీసినంత మాత్రాన యోనిలో బ్యాక్టీరియా సర్దుకోదన్న సంగతి ఆమెకు చెప్పేవారుండరు.

క్యాన్సర్ మాట పూర్తిగా అబద్ధమూ కాదు, అందుకే ఆ బెదిరింపు అంత బాగా పనిచేస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు అన్ని సందర్భాల్లోనూ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ). జర్మన్ శాస్త్రవేత్త హారాల్డ్ జుర్ హౌసెన్ 1983లో ఈ క్యాన్సర్ కణితుల్లో 16వ రకం వైరస్‌ను పట్టుకున్నారు, 2008లో అందుకు నోబెల్ అందుకున్నారు. 16, 18 రకాలే ప్రపంచంలో 70 శాతం కేసులకు కారణం. వైరస్ సోకినవారిలో అత్యధికులకు రెండేళ్లలోగా అదే పోతుంది. పోకుండా తిష్ఠ వేస్తేనే ప్రమాదం, అదీ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15-20 ఏళ్లు పడుతుంది. మేలు చేసే బ్యాక్టీరియా తగ్గిన మహిళల్లో ఈ వైరస్ ఎక్కువగా కనిపిస్తోందనీ, సోకితే త్వరగా పోవడం లేదనీ చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. అసమతుల్యత వల్ల రక్షణగా ఉండే జిగురు పొర పల్చబడుతుంది, లోపల వాపు నిలిచిపోతుంది. వైరస్‌కు అది అనుకూలం కావచ్చు. అయితే ఏది ముందు, ఏది వెనుక అన్నది ఇంకా తేలలేదు. వైరసే అక్కడి వాతావరణాన్ని మారుస్తుండవచ్చు కూడా. తెల్లబట్ట తగ్గిస్తే క్యాన్సర్ రాదని రుజువు లేదు. తెల్లబట్ట ముదిరి క్యాన్సర్ అవుతుందనడానికి అసలే లేదు. కాబట్టి ఈ లంకెను చూపించి ‘ఇంటిమేట్ వాష్’ సీసాలు అమ్మే కంపెనీలదీ, గర్భసంచులు కోసే నర్సింగ్‌హోములదీ ఒకే తప్పు. లోపల కడుక్కునే అలవాటు మంచి బ్యాక్టీరియాను ఇంకా దెబ్బతీస్తుంది.

ఈ లంకె నిజంగా పనికొచ్చేది ఒక్కచోటే. సిగ్గు చంపుకుని ఆస్పత్రి దాకా వచ్చిన ఆ మహిళ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆమెకు ముప్పై దాటితే, ఆ రోజే హెచ్‌పీవీ పరీక్ష కూడా చేసి పంపాలి. దేశంలో 2022లో ఈ క్యాన్సర్ 1.27 లక్షల మందికి కొత్తగా వచ్చిందని, దాదాపు 80 వేల మంది చనిపోయారని అంతర్జాతీయ అంచనా. 30 నుంచి 65 ఏళ్ల మహిళలందరికీ అయిదేళ్లకోసారి పరీక్ష జరగాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ తర్వాత జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ల వారిలో ఎప్పుడైనా ఒక్కసారి పరీక్ష చేయించుకున్నది 1.9 శాతం. మన రెండు రాష్ట్రాలూ అయిదు శాతం లోపే.

చేస్తున్న పరీక్ష కూడా ఎసిటిక్ ఆమ్లం రాసి కంటితో చూసేదే. ముంబయి, దిండిగల్ అధ్యయనాల్లో అది మరణాలను మూడో వంతు దాకా తగ్గించిన మాట నిజం. కానీ అక్కడ చేసింది బాగా శిక్షణ పొందినవారు. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 1.3 లక్షల మంది మీద జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షే మరణాలను సగానికి తగ్గించింది. కంటిచూపు పరీక్ష అక్కడ చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. ఈ మూడూ మన దేశపు ఆడవాళ్ల మీద జరిగిన ప్రయోగాలు. పోల్చి చూడటానికి వేల మందిని ఏ పరీక్షా లేకుండా వదిలేశారన్న మచ్చ కూడా వాటికుంది. వాళ్ల ఒంటి మీద నేర్చుకున్న పాఠాన్ని వాళ్ల కూతుళ్లకైనా అమలు చేయకపోతే అంతకన్నా అన్యాయం లేదు.

సాధనాలు లేవనడానికి వీల్లేదు. టీబీ పరీక్షకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో పెట్టిన ట్రూనాట్ యంత్రాల మీదే హెచ్‌పీవీ చిప్పు నడుస్తుంది. ఆ స్వదేశీ పరీక్ష పనితీరును 2025లో ఢిల్లీ ఎయిమ్స్ సహా ప్రభుత్వ సంస్థలే సరిచూశాయి. నమూనా మహిళ తనంతట తానే తలుపేసుకుని తీసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఆస్ట్రేలియాలో 2022 నుంచి ఎవరైనా అలా ఇవ్వవచ్చు. క్యాన్సర్‌కు ముందు దశ కనిపిస్తే చేతిలో పట్టే థర్మల్ అబ్లేషన్ పరికరంతో నిమిషం తిరక్కుండా ఆ భాగాన్ని కాల్చేయవచ్చు. తెలంగాణలో 2023 మహిళా దినోత్సవం నాడు మొదలైన ‘ఆరోగ్య మహిళ’ మంగళవారాలున్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. హెచ్‌ఐవీతో బతుకుతున్న మహిళలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు కాబట్టి పరీక్ష అక్కడే మొదలుపెట్టడం న్యాయం. ఇక కావలసింది ప్రతి పీహెచ్‌సీలో గడియ పడే ఒక గది, దీపం, శుభ్రమైన స్పెక్యులమ్, పీహెచ్ కాగితాలు.

ఆశా కార్యకర్తలకు టార్గెట్లు పెట్టి, సంతకాలు తీసుకుని ముగించే పనిగా మాత్రం దీన్ని చేయకూడదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు అలాగే నడిచింది. గిరిజన హాస్టళ్ల పిల్లల తరఫున తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు పిల్లలు చనిపోయాక 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది, కానీ అనుమతుల తీరును పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో కడిగిపారేసింది. ఆ నిర్లక్ష్యం వల్ల దేశం మంచి టీకాకు పదేళ్లకు పైగా దూరమైంది. టీకా ఆడపిల్లలకు తప్పక అందాలి. కానీ అది ఇప్పటికే సోకిన వైరస్‌ను తీసేయదు, అంటే నేటి తల్లులకు పరీక్షే దిక్కు.

మగవాళ్లకూ ఇందులో పని ఉంది. 2025లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో భార్యతోపాటు భర్తకు కూడా మందు ఇస్తే, మూడు నెలల్లో వజైనోసిస్ తిరగబెట్టడం 63 శాతం నుంచి 35 శాతానికి తగ్గింది. డాక్టర్లు భర్తను కూడా పిలిపించాలి. ‘ఆడవాళ్ల జబ్బు’ అని బయట బెంచీ మీద కూర్చునే రోజులు పోవాలి.

ఇక కోతల సంగతి. అనవసర గర్భసంచి ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లోనే అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ ఆదేశం అమలు కావాలంటే, నలభై ఏళ్ల లోపు మహిళకు గర్భసంచి తీసిన ప్రతి ఆస్పత్రీ, ఎందుకు తీసిందో, ముందు ఏ పరీక్ష చేసిందో, తీసిన భాగంలో బయాప్సీ ఏం చెప్పిందో జిల్లా ఆరోగ్య శాఖకు రాసివ్వాలి. ఆస్పత్రివారీగా ఆ లెక్కను మూడు నెలలకోసారి ప్రజల ముందు పెట్టాలి. మొదటి జాబితాకు కొత్త సర్వే అక్కర్లేదు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టులకు వచ్చిన బిల్లుల్లోనే ఆస్పత్రి పేరు, రోగి వయసు, చేసిన ఆపరేషన్ రాసి ఉంటాయి.