పడని పదార్థము – పొదుపైన వంట

ఒకరికి అమృతమైనది మరొకరికి విషమగునన్న మాటను మనం చమత్కారానికి వాడుతుంటాము. అది అక్షరసత్యమని మా వసతిగృహంలో కిందటి సంవత్సరం మేము కళ్ళారా చూచితిమి. మిర్చీ కా సాలన్‌తో రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఒక సహాధ్యాయికి పెదవులు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందక ఆసుపత్రికి చేర్చవలసివచ్చింది. సాలన్ చిక్కదనానికి నూరి పోసిన పల్లీలే అందుకు కారణము. నాటినుండి అతడు మెస్సు రుసుము పూర్తిగా చెల్లిస్తూనే, బయట కొనుక్కొని కడుపు నింపుకొంటున్నాడు. తండ్రి పంపే సొమ్ము నెల నడుమనే హరించుకుపోతున్నది.

ఇటువంటివారికి వేరుగా వండిపెట్టుట తలకు మించిన ఖర్చని కొందరి వాదము. మేము దీనిని అంగీకరించలేము. ఖర్చును పెంచేది చాలావరకు తెలియనితనమే.

మొదట, ఏది పడదో వైద్యుని వలన నిశ్చయంగా తెలుసుకొనవలెను. ఊహతో పాలు, గ్రుడ్లు, గోధుమ అన్నింటినీ ఒక్కసారి మానివేయుట దేహానికీ నష్టమే, జేబుకూ నష్టమే. పాలు అరగకపోవుట వేరు, పాలు పడకపోవుట వేరు. అరగనివారిలో చాలమందికి పెరుగు సరిపడుతుంది. పడనివారికి పెరుగు, కోవా కూడా ముప్పే. ఆవుపాలు పడనివారికి మేకపాలు కూడా సాధారణంగా పడవు కనుక, హెచ్చు ధరకు వాటిని కొనుట వృథా. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము ఉన్నదన్న సంగతి ఇట్టివారికి ఎంతో మేలు చేయగలదు.

గోధుమ పడనివారికై అంగళ్ళలో అమ్మే ప్రత్యేకపు పిండి పొట్లాల ధర సామాన్యులకు అందనిది. మన జొన్న, సజ్జ, రాగులు ఉండగా వాటితో పనియేమి? ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినది కూడా ఇట్టి ధాన్యాల గొప్పతనం చాటుటకే. అయితే గోధుమలు పట్టిన మరలోనే జొన్నలు పట్టిస్తే ఆ పిండి కలియక మానదు. కనుక ఇంటనే విసురుకొనుట క్షేమము.

దాగియున్న పదార్థాలు మరొక చిక్కు. బజారు ఇంగువలో తరచు మైదా కలుస్తుంది. హలీములో గోధుమ, బగారా బైంగన్‌లో పల్లీలు, నువ్వులు, షీర్ ఖుర్మాలో సేమియా, పాలు ఉంటాయి. 2020 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పాలు, గ్రుడ్లు, చేపలు, వేరుసెనగ, సోయా వంటివి ఉన్నట్లు పొట్లంపై తెలుపవలెను. మన మెస్సు గిన్నెపై అటువంటి చీటీ ఏదీ లేదే!

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపములు మూడు. ఏ కూరలో ఏమి వేసినదీ ప్రతిదినము నల్లబల్లపై వ్రాయించవలెను. పల్లీలు, నువ్వుల ముద్ద కలుపకముందే కొంత కూరను వేరు గిన్నెలోనికి, వేరు గరిటెతో తీసి ఉంచవలెను. పంట వచ్చే రోజులలో జొన్నలు, రాగులు ఒక్కమారుగా కొని నిలువ చేయవలెను. వీటిలో మొదటిదానికి సుద్దముక్క, రెండవదానికి గిన్నె, గరిటె చాలును. మూడవది ఖర్చును తగ్గించేదే.

ఇద్దరు ముగ్గురి కొరకు ఇంత శ్రమ యెందుకని అడుగువారు ఉండవచ్చును. కొద్దిమంది అని ఎవరినీ తోసివేయరాదనే కదా మన రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నెలకొల్పుకొనే హక్కునిచ్చినది! ఆ హక్కు నీడలో పెరిగిన మన కళాశాలలో, దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న ఏ విద్యార్థియు భయంతో చేయి వెనుకకు తీసుకొనరాదని మా కోరిక.