యంత్రశాల శీర్షిక: రేకు మడత, డై ఎంపిక

సూరత్ రింగ్ రోడ్ వస్త్ర విపణులలో మడత కుదరని చీరను విప్పి మళ్లీ మడుస్తారు. తెలంగాణ నుండి వెళ్లి ఆ నగరంలో స్థిరపడిన మన నేత కుటుంబాలవారికి ఇది నిత్యానుభవమే. ఉక్కు రేకుకు ఆ వెసులుబాటు లేదు. విప్పిన మడత వద్ద పగుళ్లు పుట్టవచ్చు.

కంప్యూటర్ ప్రెస్ బ్రేకులో పంచ్ ఎంత లోతుకు దిగవలెనో యంత్రమే లెక్కించును. ఆ లెక్కకు ఆధారం మనం నమోదు చేసే డై కొలతయే. 2 మి.మీ. మెత్తని ఉక్కు రేకుకు మందానికి 8 రెట్లు, అనగా 16 మి.మీ. 'వి' డై సముచితం. అప్పుడు మీటరు పొడవుకు సుమారు 16 టన్నుల బలం చాలును, 12 మి.మీ. డై అయితే దాదాపు 22 టన్నులు కావలెను. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు.

పనిముట్టును తానే గుర్తించే యంత్రాలు నేడు లభిస్తున్నవి. ఆ సదుపాయం లేనిచోట 12 డై బిగించి తెరపై 16 అని ఉంచినచో పంచ్ అవసరానికి మించి దిగును. కోణం చెడుట అటుంచి, అడుగు తాకిన డై పగిలి ముక్కలు ఎగురవచ్చును. ఎదుట నిలిచినది మన సహోద్యోగి!

చిన్న రేకులన్నీ నడుమనే వంచుట మనకు అలవాటు. కనుక డై నడిమి భాగమే ముందుగా అరుగును. పనిని అప్పుడప్పుడు పక్కలకు జరపండి. అరిగిన డైని వేరొక అరలో ఉంచండి.