ఢిల్లీ నిగమ్ చేసిన పాపమేమిటి?

పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి దేశంలోని స్థానిక సంస్థలకు 4,36,361 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. అందులో పట్టణాల వాటా 1,21,055 కోట్లు. పది లక్షల జనాభా దాటిన నగరాలకు గాలి బాగుచేసుకోవడానికి, చెత్త, నీరు, మురుగు పనులకు విడిగా ఒక పద్దు కూడా పెట్టింది. ఆ జాబితాలో హైదరాబాద్ ఉంది. విజయవాడ ఉంది, విశాఖపట్నం ఉంది. ఢిల్లీ పొలిమేర దాటగానే తగిలే ఘజియాబాద్, ఫరీదాబాద్ ఉన్నాయి. ఢిల్లీ లేదు. దీపావళి వెళ్లిందంటే చాలు గొంతు మండి, కళ్లు మండి, బడులకు తాళాలు పడే ఢిల్లీకి ఆ గాలి పద్దులో పైసా రాసిపెట్టలేదు.

కారణం అడిగితే రాజ్యాంగం 280వ అధికరణం చూపిస్తారు. ఆర్థిక సంఘం రాష్ట్రాల సంగతే చూస్తుంది, ఢిల్లీ కేంద్రపాలిత ప్రాంతం అంటారు. మంచిదే. కేంద్రం పాలించే ఊరి బాగోగులు కేంద్రమే చూడాలి కదా? కేంద్ర పన్నుల్లో వాటాకు బదులుగా ఢిల్లీ ప్రభుత్వానికి ఇచ్చే గ్రాంటు 2001–02లో 325 కోట్ల దగ్గర ఆగింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు గడిచినా అది అక్కడే ఉండిపోయింది. ఆ ఇరవై ఏళ్లలో ఢిల్లీ జనం ఎంత పెరిగారు, వాళ్లు కట్టే పన్ను ఎంత పెరిగింది? ఆ లెక్క తెలియనివాళ్లా కేంద్ర ఆర్థిక శాఖలో కూర్చునేది?

స్వచ్ఛభారత్ లాంటి పథకాల కింద సొమ్ము వస్తోంది కదా అనేవాళ్లున్నారు. అది ఇచ్చేవాళ్ల ఇష్టాన్ని బట్టి వచ్చేది, షరతులతో వచ్చేది. ఇక్కడ నేను మాట్లాడుతున్నది హక్కుగా రావలసిన వాటా గురించి.

మునిసిపల్ కార్పొరేషన్ ఆఫ్ ఢిల్లీని ఇక్కడి జనం నిగమ్ అంటారు. పార్లమెంటు, సచివాలయం, లెఫ్టినెంట్ గవర్నర్ నివాసం ఎవరెవరివో గానీ, ఆర్.కె. పురంలోనో మయూర్ విహార్‌లోనో త్రిలోక్‌పురిలోనో బతికే మనిషికి ప్రభుత్వమంటే నిగమ్. బిడ్డ పుడితే సర్టిఫికెట్ రాసేది నిగమ్. ఆ బిడ్డకు ఐదో తరగతి దాకా అక్షరాలు నేర్పేది నిగమ్ బడి. అలాంటి బడులు వెయ్యికి పైగా ఉన్నాయి, వాటిలో లక్షలాది పేదపిల్లలు చదువుతున్నారు. పొద్దున్నే వీధి ఊడ్చేది నిగమ్ మనిషి. ప్రాణం పోతే శ్మశానంలో పేరు నమోదు చేసుకునేదీ నిగమే. ఇన్ని పనులు చేసే సంస్థ ఢిల్లీలో మరొకటి చూపించండి.

వానలు పడ్డాక ఇంటింటికీ వచ్చే దోమల తనిఖీ మనిషిని చూశారా? ఇక్కడ వాళ్లను డీబీసీ వర్కర్లు అంటారు. ఒక చేతిలో టార్చి, మరో చేతిలో రిజిస్టరు. మూత ఎత్తి కూలర్‌లోకి టార్చి వేస్తాడు. మేడ మీదికెక్కి ట్యాంకులోకి తొంగిచూస్తాడు. పూలకుండీ కింది పళ్లెం వంచి, నీటిలో పురుగు కదిలితే పట్టి చూపిస్తాడు. “రెండు రోజులకోసారి నీళ్లు పారబోయండి, బెహన్‌జీ” అని చెప్పి, తేదీ రాసుకుని పక్కింటి గంట కొడతాడు. డెంగీ ఊరిని మింగకుండా అడ్డం పడుతున్నది ఈ మనిషే. ఏళ్ల తరబడి కాంట్రాక్టు కింద పనిచేస్తూ, ఉద్యోగం ఖాయం చేయమని రోడ్డెక్కవలసి వచ్చిందీ ఈ మనిషికే. ఒక్కరు, ఒక్క పత్రిక, ఒక్క సభ అతనికి దండ వేసిందా?

2020 అక్టోబరు గుర్తు తెచ్చుకోండి. దేశమంతా డాక్టర్ల కోసం పళ్లేలు మోగించి, దీపాలు వెలిగించి కొన్ని నెలలే అయింది. అప్పుడు నిగమ్ నడిపే హిందూరావు ఆసుపత్రిలో కొవిడ్ వార్డుల్లో నిలబడ్డ రెసిడెంట్ డాక్టర్లు నెలల జీతం అందక సమ్మెకు దిగారు, నిరాహార దీక్షకు కూర్చున్నారు. రోగులను వేరే ఆసుపత్రులకు తరలించారు. అంతకుముందే, ఆ జూన్‌లో, కస్తూర్బా ఆసుపత్రి డాక్టర్లకు మార్చి నుంచి జీతాల్లేవని తెలిసి హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టవలసి వచ్చింది. చప్పట్లు కొట్టిన చేతులు జీతం మీద సంతకం పెట్టడానికి ఎందుకు రాలేదు? తూర్పు ఢిల్లీలో సఫాయి కర్మచారులు 2015 నుంచి 2018 దాకా మళ్లీ మళ్లీ చీపుళ్లు కింద పెట్టారు. రోడ్ల మీద చెత్త కుప్పలు పడితే టీవీలు వచ్చాయి. ముక్కు మూసుకుని కంపు గురించి మాట్లాడాయి. జీతం లేని ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందని అడిగినవాళ్లు ఎందరు?

ఈ సంస్థ ఏమన్నా నిన్న పుట్టిందా? ఢిల్లీకి మునిసిపాలిటీ 1863లో వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1958 ఏప్రిల్ 7న కార్పొరేషన్‌గా మారినప్పుడు మొదటి మేయరుగా కూర్చున్నది అరుణా అసఫ్ అలీ. 1942లో బొంబాయి గోవాలియా ట్యాంక్ మైదానంలో జెండా ఎగరేసిన అరుణ! ఆ రోజుల్లో ఢిల్లీ బస్సులు నిగమ్‌వి. కరెంటు నిగమ్‌ది. మంచినీళ్లు, మురుగు, అగ్నిమాపక దళం, అన్నీ నిగమ్‌వే. 1971లో బస్సులు పోయాయి. 1994లో ఫైర్ సర్వీసు పోయింది. తర్వాత కరెంటు, 1998లో నీళ్లు. ప్రకటనల పన్నును 2017లో జీఎస్‌టీ మింగింది. రాష్ట్రాలకు ఐదేళ్లు నష్టపరిహారం ఇచ్చారు. మునిసిపాలిటీలకు ఎవరిచ్చారు? ఒక్కొక్కటే ఊడబెరికి, చివరికి చెత్త, బడి, శ్మశానం మిగిల్చి, “మీకు పని చేతకాదు” అంటున్నారు. చేతులు కట్టేసి ఏట్లో తోసి ఈత రాదని వెక్కిరించడం ఇదే.

మునిసిపాలిటీ అంటే ఒకప్పుడు ఈ దేశంలో చిన్న విషయం కాదు. టంగుటూరి ప్రకాశం రాజమండ్రి మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. అహ్మదాబాద్ మునిసిపాలిటీకి వల్లభభాయి పటేల్, అలహాబాద్‌కు నెహ్రూ, సేలంకు రాజాజీ అధ్యక్షులయ్యారు. సుభాష్ చంద్రబోస్ కలకత్తా మేయరయ్యారు. వీధి దీపం, కుళాయి, కాలువ చూసినవాళ్లే తర్వాత దేశాన్ని చూశారు. ఇవాళ ఢిల్లీ మేయరు పదవీకాలం ఒక్క ఏడాది. కమిషనరును కేంద్రం నియమిస్తుంది. మేయరు పేరు ఢిల్లీలో ఎంతమందికి తెలుసో వీధిలో నిలబడి అడిగి చూడండి.

2012లో నిగమ్‌ను ఉత్తరం, దక్షిణం, తూర్పు అని మూడు ముక్కలు చేశారు. ఆస్తిపన్ను తెచ్చే పెద్ద కాలనీలు, మాల్స్, ఆఫీసులు దక్షిణానికి పోయాయి. తూర్పుకు మిగిలింది ఇరుకు బస్తీలు, పునరావాస కాలనీలు, ఘాజీపూర్ చెత్త కొండ. 1984లో మొదలై, 2002 నాటికే నిండిపోయినా ఆపకుండా పోస్తూ వచ్చిన ఆ కొండ 2017 సెప్టెంబరు 1న కూలి ఇద్దరి ప్రాణాలు తీసింది. 2022 మే 22న మూడింటినీ మళ్లీ ఒకటి చేశారు. వార్డులను 272 నుంచి 250కి తగ్గించారు. అందుకు తెచ్చిన చట్టంలోనే, నిగమ్ మీద ఢిల్లీ ప్రభుత్వానికి ఉన్న అధికారాలను కేంద్రం తన చేతికి తీసుకుంది. అధికారం తీసుకున్నప్పుడు అప్పులు, బకాయిలు కూడా తలకెత్తుకోవాలి కదా? అవి మాత్రం నిగమ్‌కే వదిలేశారు. పైగా ఆ తర్వాత ఎన్నికైన సభకు రెండున్నరేళ్ల దాకా స్టాండింగ్ కమిటీయే లేదు. అప్పట్లో ఐదు కోట్లు దాటిన కాంట్రాక్టు కదలాలంటే ఆ కమిటీయే గతి. పార్టీలు కొట్టుకున్నాయి, కోర్టులకెక్కాయి, ఊరు వేచి చూసింది.

74వ రాజ్యాంగ సవరణ పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1992లో ఆమోదం పొంది, 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పట్టణ ప్రభుత్వం మూడో ప్రభుత్వం అని రాజ్యాంగమే ఒప్పుకున్న రోజది. వై.వి. రెడ్డి అధ్యక్షుడిగా పద్నాలుగో ఆర్థిక సంఘం మునిసిపాలిటీలకు ఐదేళ్లకు 87,144 కోట్లు సిఫార్సు చేసింది. మన తెలుగువాళ్ల చేతి మీదుగా దేశంలోని నగరాలకు అందిన మేలు ఇది. మునిసిపాలిటీల అధ్యాయం కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తిస్తుందని రాజ్యాంగం చెబుతోంది. అంటే బాధ్యతలన్నీ ఢిల్లీకి వర్తిస్తాయి, డబ్బు దగ్గరికి వచ్చేసరికి వర్తించదు. ఇదెక్కడి న్యాయం? ఇక ఢిల్లీ ప్రభుత్వం ఇవ్వవలసినదీ సవ్యంగా రాలేదు. నాలుగో ఢిల్లీ ఆర్థిక సంఘం సిఫార్సులు అమలు చేయండని 2018లో హైకోర్టు చెప్పవలసి వచ్చింది. కేంద్రం ఢిల్లీ ప్రభుత్వాన్ని చూపిస్తుంది, ఢిల్లీ ప్రభుత్వం కేంద్రాన్ని చూపిస్తుంది. మధ్యలో ఊడ్చేవాడి జీతం ఆగుతుంది.

అదే ఢిల్లీలో మరో ఢిల్లీ ఉంది. న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ పరిధి సుమారు 43 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో జనం రెండున్నర లక్షలు. రాష్ట్రపతి భవన్, పార్లమెంటు, మంత్రుల బంగళాలు అక్కడే. జనం ఓటేసి ఎన్నుకునే కౌన్సిలర్లు లేరు, బడ్జెట్‌లో మాత్రం మిగులు. నిగమ్ పరిధి 1,397 చదరపు కిలోమీటర్లు. అదే 2011 లెక్కల్లోని ఢిల్లీ 1.68 కోట్ల జనంలో దాదాపు అందరూ ఇక్కడే. ఎన్నికలున్నాయి, డబ్బు లేదు. ఆర్.కె. పురంలో బారులు తీరిన కేంద్ర ప్రభుత్వ క్వార్టర్ల చెత్త ఎత్తేది నిగమే. 285వ అధికరణం ప్రకారం కేంద్రం ఆస్తుల మీద పన్ను వేయడానికి వీల్లేదు, సేవా రుసుముతో సరిపెట్టుకోవాలి. ఓటు హక్కున్న జనానికి మురికి, ఓటు అవసరం లేని వీధులకు గులాబీ తోటలు. ఇది ఏ ప్రజాస్వామ్యంలో మాట?

ఇంగ్లండు సంగతి చూడండి. అక్కడ 2010 తర్వాత కౌన్సిళ్లకు కేంద్రమిచ్చే సొమ్ము, ధరల పెరుగుదల తీసేస్తే, 2017–18 నాటికి దాదాపు సగానికి పడిపోయింది. నిల్వలు కరిగాయి. 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ కౌన్సిల్ తన దగ్గర డబ్బు లేదని చట్టం ప్రకారం నోటీసు ఇస్తే ప్రపంచమంతా వార్త అయింది. అక్కడ ఎంత నిల్వ ఉందో, అది చాలుతుందో లేదో ఏటా సభకు చెప్పవలసిన బాధ్యత ఆర్థికాధికారిదే. నిల్వ అనే మాట ఢిల్లీ నిగమ్‌కు ఎవరన్నా అననిచ్చారా? మన దేశంలో మునిసిపాలిటీలన్నిటి ఆదాయం కలిపినా జీడీపీలో సుమారు ఒక్క శాతమని 2022లో రిజర్వు బ్యాంకే రాసింది. బ్రెజిల్‌లో అది 7.4 శాతం.

చాందినీ చౌక్‌కు వెళ్లండి. 1860ల్లో కట్టిన టౌన్‌హాల్ ఎదుట స్వామి శ్రద్ధానంద విగ్రహం నిలబడి ఉంటుంది. నిగమ్ మింటో రోడ్డు సివిక్ సెంటరుకు మారిపోయాక ఆ భవనానికి తగిన వాడుకే లేదు. నూటయాభై ఏళ్ల నగర చరిత్ర దుమ్ము తింటోంది. అక్కడికి నాలుగడుగుల్లోనే హర్‌దయాళ్ మునిసిపల్ గ్రంథాలయం ఉంది. వైస్రాయ్ హార్డింజ్ పేరుతో 1916లో వెలిసి, 1970లో గదర్ వీరుడు లాలా హర్‌దయాళ్ పేరు పెట్టుకుంది. పదిహేడో శతాబ్దపు ముద్రిత గ్రంథాలు అక్కడున్నాయి. ఫారసీ, ఉర్దూ, సంస్కృత, హిందీ పుస్తకాలున్నాయి. వాటిని కాపాడే ఉద్యోగులు నెలల తరబడి జీతాలు లేకుండా పనిచేశారు. పుస్తకానికి చెదపురుగు, కాపలాదారుకు ఆకలి. దేశ రాజధానికి ఇది తలవంపు కాదా?

నిగమ్‌లో అవినీతి లేదా అంటారు. ఉంది, అది అందరికీ తెలుసు. అవినీతి ఉందని ఏ రాష్ట్రానికి పన్నుల వాటా ఆపారు? ఓల్డ్ రాజేంద్రనగర్ వీధుల్లో మన తెలుగు పిల్లలు ఎందరో సివిల్స్‌కు చదువుతున్నారు. 2024 జూలై 27న అక్కడ ఒక నేలమాళిగలోకి వాననీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. తప్పు చేసినవాళ్లను శిక్షించవలసిందే. ఆ కేసు వింటూనే హైకోర్టు నిగమ్ ఆర్థిక దుస్థితిని కూడా నిలదీసి, ఢిల్లీ పాలన, ఆర్థిక ఏర్పాట్లను తిరిగి పరిశీలించడానికి కమిటీ వేయమంది. డబ్బు లేని సంస్థ కాలువలు తవ్వదు, ఇన్‌స్పెక్టర్లను పెట్టదు. ఆ పిల్లలను మింగిన నీళ్లకు ఈ లెక్క కూడా కారణమే.

ఇన్నాళ్లూ పార్టీల పోరు అన్నారు. 2025 నుంచి కేంద్రంలోనూ ఢిల్లీలోనూ నిగమ్‌లోనూ ఒకే పార్టీ ఉంది. ముఖ్యమంత్రి రేఖా గుప్తా ఇదే నిగమ్ సభలో కౌన్సిలరుగా కూర్చున్న మనిషి. ఆమెకు ఈ కష్టం ఎవరూ చెప్పక్కర్లేదు. పదహారో ఆర్థిక సంఘం కాలం 2026 ఏప్రిల్ నుంచి 2031 దాకా. అదీ రాష్ట్రాలకే. అందుకే కేంద్ర ఆర్థిక శాఖను, హోం శాఖను అడుగుతున్నాను: ఘజియాబాద్‌లో ఒక మనిషికి ఎంత ఇస్తున్నారో ఢిల్లీ షహదరాలో ఒక మనిషికీ అంతే ఇచ్చేలా కేంద్ర బడ్జెట్‌లో ఢిల్లీ నిగమ్ పేరిట ఒక పద్దు రాయండి. పన్నుల వాటాకు బదులుగా ఇవ్వవలసిన గ్రాంటును న్యాయంగా లెక్కగట్టండి. నిగమ్ పాత అప్పు రద్దు చేసి, మూడు నెలల జీతాలకు సరిపడా నిల్వ నిధి కట్టించి, దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చట్టం చేయండి. కేంద్రానికి అండగా నిలిచిన మన తెలుగు ఎంపీలు ఈ మాట సభలో ఒక్కసారి ఎత్తండి. మీ బంగళాల్లో వండేవాళ్లు, మీ కార్లు నడిపేవాళ్లు సాయంత్రం వెళ్లేది నిగమ్ వీధులకే. చట్టం అడ్డం రాదు, పార్టీలు అడ్డం రావు. ఆ ఫైలు మీద సంతకానికి ఇంకేం అడ్డమొస్తోందో జవాబు చెప్పండి.