టోకు బేరం

శివరాత్రికి కోటప్పకొండ త్రికోటేశ్వరుని సన్నిధికి చుట్టుపక్కల ఊళ్ళ ప్రభలు తరలివస్తుంటే చూడడానికి రెండు కళ్ళు చాలవు. ఆ దారి పొడవునా కట్టే ఫ్లెక్సీలు చదవడానికీ చాలవు! వాటి వెనుక ఒక బేరం ఉంది, చిత్తగించండి.

పల్లెలో బోర్డులు రాసే ఆర్టిస్టు దగ్గర ఫ్లెక్సీ యంత్రం ఉండదు. ఆర్డరు తాను పుచ్చుకుని, నరసరావుపేటలాంటి పట్నంలో యంత్రమున్న దుకాణంలో అచ్చు వేయిస్తాడు. అతనికి వారు చెప్పేది టోకు ధర: చదరపు అడుగుకు ఇంత అని.

ఆ 'ఇంత'లోనే ఉంది తిరకాసు. 7 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు ఉన్న బేనరు 70 చదరపు అడుగులే. దాన్ని 8 అడుగుల చుట్టమీద వేస్తే ఖర్చయ్యేది 80. తక్కిన 10 ఎవరి నెత్తిన? సిరా, కరెంటు, యంత్రం వాయిదా, చెడిపోయిన అచ్చు లెక్కవేయకుండా పక్కవాడికన్నా రూపాయి తగ్గించిన ఆసామి, తిరునాళ్ళయ్యాక తీరిగ్గా విచారిస్తాడు.

అంతకన్న పెద్ద చిక్కు మరొకటి. ఊరిపెద్ద తిన్నగా దుకాణానికి వస్తే అతనికీ టోకు ధరే చెప్పారనుకోండి. అక్షరాలు దిద్ది, చట్రం బిగించి, అరువుకోసం తిరిగే ఆర్టిస్టుకు మిగిలేదేమిటి? మళ్ళీ ఆ గుమ్మం తొక్కడు. ఊరిపెద్ద వచ్చేది ఏడాదికొకసారి. ఆర్టిస్టు పెళ్ళికీ, పుట్టినరోజుకీ, సంతాపానికీ వస్తూనే ఉంటాడు.

టోకు ధరలో రూపాయలతోపాటు 'నీ కంచంలో చెయ్యి పెట్టను' అన్న మాట కూడా కలిసి ఉండాలి. ఆ మాట తప్పిన ధర ఎంత చౌకైనా పిరమే.