పచ్చబొట్టు ఉంటే వుజూ చెల్లదా?

పెదకాకాని నుండి ఒక తల్లి ఇలా రాశారు: “మా అబ్బాయి స్నేహితులతో కలిసి ముంజేతిపై పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఇప్పుడు కుమిలిపోతున్నాడు. చర్మం కింద సిరా ఉంటే వుజూ కాదని ఎవరో అన్నారట. ఆరు నెలలుగా నమాజు మానేశాడు. లేజర్‌తో తీయించే దాకా ఆగాలా?”

ఆగకూడదమ్మా. ఈ ఉత్తరం చదివిన పూటే మస్జిదుకు పంపించండి.

పచ్చబొట్టు పొడిచేవారిని, పొడిపించుకునేవారిని దైవప్రవక్త (స) శపించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. కనుక అది పాపమే, తౌబా తప్పదు. వుజూ సంగతి వేరు. నీరు తగలవలసింది చర్మం పైభాగానికి. సిరా ఉండేది లోపలి పొరలో. చర్మాన్ని గాయపరిస్తే తప్ప పోని గుర్తును తొలగించడం విధి కాదనీ, కడిగితే ఆ చోటు శుద్ధమవుతుందనీ హనఫీ ధర్మవేత్త ఇబ్నె ఆబిదీన్ ‘రద్దుల్ ముహ్తార్’లో వివరించారు. షాఫయీ పండితులు ఇంకా కఠినంగా చెప్పినా, హాని కలుగుతుందన్న భయం ఉంటే వారూ మినహాయింపు ఇచ్చారు. తప్పిపోయిన నమాజులకు మాత్రం ఖజా చేయాలి. ప్రతి నమాజుతో పాటు ఒకటి చొప్పున చదివితే ఆరు నెలల్లో తీరిపోతుంది.

ఇక తీయించడం గురించి. మన పల్లెల్లో ఎరుకల స్త్రీలు దీపపు మసితో పొడిచిన పచ్చబొట్లు ముసలితనం దాకా ఎందుకు నిలిచాయి? లోపలికి వచ్చిన రంగు రేణువును శరీరం శత్రువుగా ఎంచుతుంది. రక్షక కణాలు దానిని మింగుతాయి కానీ అరిగించుకోలేవు. మింగిన కణం చనిపోతే రేణువు బయటపడుతుంది, పక్కనున్న కొత్త కణం మళ్ళీ మింగుతుంది. ఫ్రాన్సులోని మార్సెయ్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకలపై ఈ సంగతి కనుగొన్నారు.

లేజర్ సిరాను చెరిపివేయదు. సెకనులో వందకోట్ల వంతు లెక్కన కొలిచే మెరుపుతో రేణువును పగలగొడుతుంది, అంతే. ఆ ముక్కలను శోషరస నాళాల ద్వారా మోసుకుపోయేది శరీరమే. కొంత రంగు శోషరస గ్రంథులలోనే ఉండిపోతుంది. అందుకే ఒక్కసారితో పోదు. విడతకూ విడతకూ నడుమ సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు ఆగుతారు. నలుపు త్వరగా లొంగుతుంది, ఆకుపచ్చ, నీలం మొండివి. మన చామనఛాయ చర్మంపై అజాగ్రత్తగా వాడితే తెల్లమచ్చలు మిగులుతాయి. చికిత్స జరిగిన చోట ఎండ తగలకూడదు. అబ్బాయి మిరపకోతలకు వెళ్ళేవాడైతే ఆ పనులు ముగిశాకే మొదలుపెట్టించండి. బ్యూటీ పార్లర్లు వద్దు, చర్మవ్యాధుల వైద్యునికే చూపించండి. సున్నం, యాసిడ్ వంటివి పూయనీయకండి. పచ్చబొట్టు పోకపోగా పుండు మచ్చ మిగులుతుంది.

దీనికోసం వడ్డీకి అప్పు మాత్రం చేయవద్దు. డబ్బు సమకూరినప్పుడే తీయించండి, లేకుంటే ఉండనివ్వండి. వుజూ కాదని చెప్పిన పెద్దమనిషి మీ మస్జిదుకు వచ్చేవారే అయితే ఈ పేజీ ఆయనకు కూడా చూపించండి.