పేరుకు పూచీ బ్యాంకుదే

బ్యాంకుల వెబ్ చిరునామాలన్నీ 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’లోకి మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. నకిలీ సైట్ల ముఠాలకు అడ్డుకట్ట వేయడానికి ఉద్దేశించిన ఆ నిర్ణయం సరైనదే. అయితే ఆ పేర్లను నమోదు చేసే అధికారం దేశమంతటికీ ఒకే సంస్థకు, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీకి దఖలుపడినందున, పేరు నిలకడగా పనిచేయడానికి పూచీ ఎవరిదో తేల్చక తప్పదు.

మనుషులు గుర్తుంచుకునే పేరును కంప్యూటర్లకు కావలసిన అంకెల చిరునామాగా మార్చి చెప్పే వ్యవస్థే డీఎన్‌ఎస్. మాసబ్‌ట్యాంక్‌కు కొద్ది దూరంలోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో బంతిపూలు కొన్న చిరువ్యాపారి బ్యాంకు యాప్ తెరిస్తే, అది ముందుగా ఆ చిరునామానే అడుగుతుంది. జవాబు రాకపోతే ఖాతాలో సొమ్మున్నా, బ్యాంకు కంప్యూటర్లు భేషుగ్గా నడుస్తున్నా చెల్లింపు సాగదు, పూలు మాత్రం వాడిపోతూనే ఉంటాయి. అప్పుడు బ్యాంకు తన సాంకేతిక గుత్తేదారును, ఆ గుత్తేదారు ఐడీఆర్‌బీటీని, అది ‘డాట్ ఇన్’ పట్టికను నిర్వహించే నిక్సీని చూపిస్తే వ్యాపారి ఎవరిని నిలదీయాలి?

బ్యాంకునే నిలదీయాలి. పేరుకు జవాబు చెప్పే నేమ్ సర్వర్లు ఎక్కడ ఉండాలో, ఎన్ని ఉండాలో ఎంచుకునేది బ్యాంకే. వాటిని వేర్వేరు ప్రాంతాల్లో, వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉంచాలని ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ 1997లోనే సూచించింది. 2016 అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థపై దాడి జరిగినప్పుడు, దాని మీదే ఆధారపడిన పేరున్న సైట్లెన్నో అందకుండా పోయాయి. పనిని బయటివారికి అప్పగించకపోతే చాలునన్న వాదనా నిలవదు: సొంత సర్వర్లే నడుపుకొనే ఫేస్‌బుక్ 2021 అక్టోబరు 4న నెట్‌వర్కు మార్పులో దొర్లిన పొరపాటు వల్ల దాదాపు ఆరు గంటలు కనుమరుగైంది.

ఐడీఆర్‌బీటీ బాధ్యత వేరు, కానీ తక్కువది కాదు. గడువు ముగియడం వల్ల గానీ, అనధికార మార్పు వల్ల గానీ ఏ బ్యాంకు పేరూ చెదరకుండా కాపాడటం, కాపాడలేనప్పుడు కారణాన్ని ప్రజల ముందుంచడం దాని విధి. వేరే రిజిస్ట్రారును ఆశ్రయించే వీలు బ్యాంకులకు లేదు గనుక ఇందులో మినహాయింపు ఉండకూడదు. సైబర్ ఘటనలను ఆరు గంటల్లో నివేదించాలన్న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్ 2022 నిబంధన ప్రభుత్వానికి సమాచారం చేరుస్తుందే తప్ప ఖాతాదారుకు కాదు. ఆ లోటును రిజర్వు బ్యాంకే పూడ్చాలి. నిపుణులను నియమించుకునే స్తోమత లేని చిన్న సహకార బ్యాంకులకు మాత్రం అదనపు నేమ్ సర్వర్లను ఐడీఆర్‌బీటీయే, నామమాత్రపు రుసుముతో, నడిపి ఇవ్వాలి.